ఒకవైపే వినిపిస్తోంది

చూళైలో స్టీలు సామాన్ల కొట్టు మీది గది.
కింద షట్టరు పడ్డాక నా పని మొదలు.
నేను నడిపే సర్వరుని నేనెప్పుడూ చూడలేదు.
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏదో చల్లటి హాలు,
అందులో అద్దెకున్న పెట్టె, ఆ పెట్టెలో ఒక మూల.
నెలకి ఆరు యూరోలు. ఆలస్యమైతే
ఇంటి ఓనరు కంటే మర్యాదగా గుర్తుచేస్తారు.

పెరంబూరులో ఒకరు హలో అంటే
ఆ హలో అరేబియా సముద్రం దాటి
నా పెట్టెలో ఒక తలుపున దూరి, ఇంకో తలుపున బయటపడి,
వెళ్ళినంత దూరమూ వెనక్కొచ్చి
అడయారులో చెవిని చేరుతుంది.
తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం.
"ఇరవై తొమ్మిది సి బస్సు నయం కదక్కా" అంటాడు ఇళంగో.
నూట అరవై మిల్లీసెకన్లు. ఎవరికీ తెలియదు.
పోట్లాడుకునేవాళ్ళకి మాత్రం తెలుస్తుంది:
ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఇద్దరూ ఆగి,
నువ్వు చెప్పు,
లేదు, నువ్వే.

పదివేల నుంచి ఇరవైవేల దాకా తలుపులు తెరిచి పెట్టాను.
సరి తలుపులో మాట.
పక్క బేసి తలుపులో, ఆ మాట ఎలా నడిచిందన్న కబురు.
ఈ ఊళ్ళో మావాళ్ళు ఒకప్పుడు దుబాషీలు.
ఇటు మాట అటు చేరవేస్తూ
మధ్యలో కాస్త తమ సంచిలో వేసుకుని మేడలు కట్టారట.
(మా వాటాకి మేడ రాలేదు, ఆ గొప్ప వచ్చింది.)
నాకా వీలు లేదు.
మాటలు తాళం వేసుకుని వస్తాయి,
తాళంచెవి ఆ ఇద్దరి దగ్గరే.
బరువు తెలుస్తుంది. దించుతాను, ఎత్తుతాను.

మంగళవారం ఒక ఫిర్యాదు. పద్మాసని, అడయారు.
"నలభై ఏడు నిమిషాలు మాట్లాడాను.
అవతల నుంచి ఏమీ వినిపించలేదు. డబ్బు వెనక్కివ్వండి."

ఒకవైపు శబ్దం. మా పనిలో ఇది జలుబు లాంటిది.
సాధారణంగా ఏదో ఇంటి రూటరు
లోపలి అడ్రసు చెప్పి వీధి తలుపేసుకుంటుంది,
వెళ్ళిన మాట గుమ్మంలో నిలబడి నిలబడి రాలిపోతుంది.
కాఫీ కలుపుకుని లాగ్ ఫైలు తెరిచాను.

14206, వచ్చాయి.
14208, అక్కడా వచ్చాయి.
దారిలో జారినవి సున్నా.

ఇటునుంచి సెకనుకి యాభై పొట్లాలు, నిండుగా,
ఊపిరి తీసుకునే చోట సన్నబడుతూ.
అటునుంచి సెకనుకి రెండు, మూడు. చిన్నవి. అన్నీ ఒకే సైజు.
మాట లేనప్పుడు ఫోను పంపేవి అవి,
లైను బతికే ఉందని.
వాటిని అందుకుని ఈవిడ ఫోను
చెవిలో సన్నటి రొద ఒకటి తయారుచేసి పోస్తుంది,
ఉత్త నిశ్శబ్దమైతే మనిషి బెదిరి పెట్టేస్తుందని.

మైకు మూశారో, నోరు మూశారో,
నా తలుపులకి తేడా తెలియదు.
కానీ ముప్పై ఒకటో నిమిషంలో
అటునుంచి పెద్ద పొట్లాలు, పదకొండు.
పదకొండు ఇరవైలు రెండువందల ఇరవై మిల్లీసెకన్లు.
దగ్గా, "ఊ" నా, కుర్చీ జరిగిందా.
మైకు తెరిచే ఉందన్నమాట.
సరిగ్గా అప్పుడు
ఇటునుంచి యాభైకి యాభై పోతున్నాయి.

ఫారంలో ఒక గడి ఉంది: లోపం కనబడలేదు.
దాని మీద టిక్కు పెట్టాను, తీసేశాను, మళ్ళీ పెట్టాను.
పదకొండు రూపాయల డెబ్భై అయిదు పైసలు వెనక్కి పంపాను.
"మన తప్పు లేదు కదక్కా, ఎందుకిచ్చావ్?"
జిట్టరు, అన్నాను ఇళంగోతో.

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక
అదే నంబరు నుంచి అదే నంబరుకి.
తలుపు 11530. సెకనుకి యాభై.
పక్క గడిలో అటునుంచి ఎన్నో చూపించేలోగా
ఆ వరస మూసేసి
సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకానో చూడ్డానికి వెళ్ళాను.
ఇంకా పంతొమ్మిది రోజులుంది.